చదరంగం గింజల్లో దాక్కున్న 641

చదరంగం కనిపెట్టినవాడు రాజుగారిని బహుమానంగా బియ్యపు గింజలడిగిన గళ్ళ కథ చాలామంది వినే ఉంటారు. మొదటి గడిలో ఒక గింజ, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు. అరవై నాలుగో గడి దాకా వచ్చేసరికి రాజుగారి గాదెలు చాలవు. గింజ 20 మిల్లీగ్రాములనుకుంటే మొత్తం దాదాపు 37 వేల కోట్ల టన్నులు. ఇవాళ ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నుల పైచిలుకు. కథ చెప్పేవాళ్ళు ఇక్కడ నోరెళ్ళబెట్టించి ఆపేస్తారు. నా పేచీ అక్కడే. ఈ సంఖ్య ఎంత పెద్దదన్నది కాదు, పొట్ట చీల్చి చూస్తే ఏముందన్నదే అసలు ముచ్చట.

సంఖ్య ఇదీ: 18446744073709551615. అంటే 2⁶⁴ లోంచి ఒకటి తక్కువ. దీన్ని మనవాళ్ళు ఒక చంపకమాలలో కట్టిపెట్టారు. ‘శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర...’ అని మొదలవుతుంది. ఇందులో ఒక్కో మాటా ఒక్కో అంకెకు గుర్తు. మన్మథుడి శరాలు ఐదు, శశి ఒకటి, షట్కం ఆరు, రంధ్రాలు తొమ్మిది. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు రాసుకుంటూ పోతే ఇరవై అంకెలూ పొల్లుపోకుండా దిగుతాయి.

ఛందస్సే కాపలా అనుకుంటాం గానీ, పూర్తిగా కాదు. ఒక మాట జారితే గణం కుంటుతుంది, నిజమే. కానీ రెండోసారి వచ్చే ‘శర’ తీసేసి ‘నగ’ అనండి. గణమూ చెడదు, యతీ చెడదు. ఐదు కాస్తా ఏడైపోతుంది. ఆ దొంగను పట్టేది లెక్కే. అసలు సంఖ్యలో అంకెల మొత్తం 87, మూడుతో తెగుతుంది. మార్చిన దాంట్లో 89, తెగదు.

మూడుతో ఎందుకు తెగాలి? బళ్ళో వల్లెవేసిన ఏ స్క్వేర్ మైనస్ బీ స్క్వేర్ గుర్తు తెచ్చుకోండి. 2⁶⁴–1 అంటే (2³²+1) ఇంటూ (2³²–1). రెండోదాన్ని మళ్ళీ అలాగే విడగొట్టొచ్చు, మళ్ళీ, మళ్ళీ. చివరికి మిగిలేవి 3, 5, 17, 257, 65537, 4294967297.

ఇవి ఫెర్మా సంఖ్యలు: రెండును వర్గం చేసుకుంటూ పోయి (2, 4, 16, 256...) ప్రతిదానికీ ఒకటి కలిపితే వచ్చే వరస. ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా 1640 ప్రాంతంలో నమ్మాడు. మొదటి ఐదూ ఆయన మాట నిలబెట్టాయి. ఆరోదాన్ని 1732లో స్విస్ గణితజ్ఞుడు ఆయిలర్ 641 ఇంటూ 6700417గా పగలగొట్టాడు. గుడ్డిగా భాగించుకుంటూ పోలేదాయన. దాని కారణాంకం ఏదైనా 64తో భాగిస్తే ఒకటే శేషం రావాలని పట్టుకున్నాడు. 641 అలాంటిదే: 64 పదులు, పైన ఒకటి.

ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఇంకో ఫెర్మా ప్రధాన సంఖ్య దొరకలేదు. తెలిసినవి ఐదే. ఐదూ ఈ గింజల లెక్కలోనే ఉన్నాయి. ఆరో ఫెర్మా ప్రధాన సంఖ్య అసలుందో లేదో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు.