మూడు మార్కులు తక్కువ

న్యూజెర్సీలోని ఎడిసన్. ఆదివారం పొద్దున్న. వంటింటి బల్ల మీద ఒక పక్క పెసరట్ల పిండి, ఇంకో పక్క పారేయడానికి తీసిన పుస్తకాల గుట్ట. వదిన చాలా ఏళ్ళుగా వారానికి రెండు సాయంత్రాలు లైబ్రరీకి వెళ్ళి, హైస్కూలు మధ్యలో మానేసిన పెద్దవాళ్ళకు లెక్కలు చెబుతోంది. జీతం లేదు. మరిది ఒక వేర్‌హౌస్‌లో మనుషుల్ని పనిలోకి తీసుకునే మేనేజరు. ఇద్దరికీ పడని విషయం ఒకటుంది, జీఈడీ. బడి పూర్తి చేయనివాళ్ళు రాసి, హైస్కూలు పాసైనవాళ్ళతో సమానమనిపించుకునే పరీక్ష అది. మన ఓపెన్ ఇంటర్ లాంటిదనుకోండి, కాకపోతే అడ్మిషన్, ప్రాక్టికల్స్ ఏమీ ఉండవు, పరీక్ష ఒక్కటే. 2014లో దాన్ని పునాదుల నుంచి మార్చేశారు. నేను ఆవిడ మొగుణ్ణి, వాడికి అన్నని. ఎటు మాట్లాడినా తంటాయే కాబట్టి అట్లు వేస్తూ విన్నాను.

మరిది: ఈ లావు పుస్తకం కూడా పారేసేదేగా వదినా? పాత పరీక్షది. ఐదు పేపర్లు, పెన్సిల్‌తో గుండ్రాలు నింపడం. 2013 డిసెంబరుతో దాని కథ ముగిసింది.

వదిన: అది ఇటివ్వు. గుట్టలోకి ఎలా వెళ్ళిందో. పేజీల అంచుల్లో ఎవరు లెక్కలు చేశారో చూశావా?

మరిది: ఎవరో భిన్నాలతో కుస్తీ పట్టారు. కొట్టివేతలే ఎక్కువున్నాయి.

వదిన: హోటల్లో గదులు శుభ్రం చేసే ఆవిడ. పదకొండో తరగతిలో బిడ్డ పుట్టి బడి మానేసింది. నా క్లాసుకొచ్చేటప్పటికి నలభై మూడేళ్ళు. చదవడం, రాయడం, సైన్సు, సోషల్, నాలుగూ గట్టెక్కింది. లెక్కలు ఒక్కటే మిగిలింది. 2013 చివర్లో ఎక్కడ చూసినా సెంటర్లు కిక్కిరిసిపోయాయి. ఆ ఏడాది దాటితే పాసైన నాలుగు పేపర్లూ చెల్లవు, కొత్త పరీక్ష మొదటి నుంచి రాయాలి. డిసెంబరులో రాసింది, పోయింది. ఒక్క రాత్రిలో నాలుగు పాసులు సున్నా అయిపోయాయి. మన ఎన్‌ఐఓఎస్ ఓపెన్ స్కూల్లో అయితే ఐదేళ్ళలో తొమ్మిదిసార్లు రాసుకోనిస్తారు, పాసైన సబ్జెక్టు పాసైనట్టే.

మరిది: పరీక్ష మారుతోందని ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నారు కదా. ఆ పాతది 2002లో వచ్చింది. దాదాపు పన్నెండేళ్ళు నడిచింది. అంతకు ముందు 1978లో మార్చారు, 1988లో మార్చారు. అసలు 1942లో సైనికుల కోసం పుట్టిన పరీక్ష ఇది. బడి వదిలి యుద్ధానికెళ్ళిన కుర్రాళ్ళను తిరిగొచ్చాక మళ్ళీ బెంచీ మీద కూర్చోబెట్టలేక పెట్టారు. అప్పటి ఉద్యోగాలు వేరు, ఇప్పటి ఉద్యోగాలు వేరు. నా దగ్గరికి సర్టిఫికెట్ పట్టుకుని వచ్చినవాడికి స్టాకు లెక్క ఉన్న ఎక్సెల్ షీటు ఇస్తే, ఏ పెట్టె ఏ వరసలోదో చెప్పలేకపోయాడు. ఆ కాగితం ఏం చెప్పినట్టు నాకు?

వదిన: వాడు స్కూల్లో ఆడుతూ పాడుతూ పాసైనవాడైతే ఆ షీటు చదివేవాడంటావా?

మరిది: అది నేననడం లేదు.

వదిన: అనాలి మరి. ఆ పాత పరీక్షకు పాస్ మార్కు ఎలా పెట్టారో తెలుసా? హైస్కూలు పూర్తి చేస్తున్న పిల్లల చేత రాయించి చూసి, వాళ్ళలో నూటికి అరవై మందే గట్టెక్కేలా పెట్టారు. అంటే పట్టా పుచ్చుకోబోయే పిల్లల్లో నలభై మంది ఫెయిల్. అయినా జనం దాన్ని అత్తెసరు చదువు అని వెక్కిరించారు.

మరిది: వెక్కిరింతకు కారణం ఉంది వదినా. జేమ్స్ హెక్‌మన్, 2000లో నోబెల్ తీసుకున్న ఆర్థికశాస్త్రవేత్త, లెక్కలు తీసి మరీ చెప్పాడు. జీఈడీ పాసైనవాళ్ళ సంపాదన, బడి పూర్తి చేసినవాళ్ళకన్నా బడి మానేసినవాళ్ళకే దగ్గరగా ఉందని. సమానం అని పేరు పెట్టారు కానీ బజార్లో సమానం కాలేదు. అందుకే గట్టిపరచాల్సి వచ్చింది.

వదిన: హెక్‌మన్‌ను సగం చదివి వచ్చావు. మిగతా సగం నేను చెబుతాను. తెలివిలో వీళ్ళు స్కూలు పాసైనవాళ్ళకు పెద్దగా తీసిపోరన్నాడు ఆయన. తేడా ఎక్కడంటే, పొద్దున్నే లేచి వెళ్ళడం, పట్టిన పని వదలకపోవడం, పైవాడు కసిరితే ఓర్చుకోవడం, అక్కడ. పరీక్ష ఇవేవీ కొలవదు. మరి ఆ జబ్బుకు వీళ్ళు వేసిన మందేంటి? లెక్కల పేపర్లో సగానికి పైగా ఆల్జీబ్రా! మోకాలు నొప్పంటే కళ్ళజోడు రాసిచ్చినట్టు లేదూ?

(ఇక్కడ మా తమ్ముడు అట్టు తుంచడం ఆపాడు. ఈ దెబ్బ తగిలిందని నాకు అర్థమైంది. కానీ వాడు అంత తేలిగ్గా ఊరుకునే రకం కాదు.)

మరిది: సరే, ఆల్జీబ్రా సంగతి పక్కన పెట్టండి. కంప్యూటర్ మీద రాయించడం కూడా తప్పేనా? ఇవాళ దరఖాస్తు పెట్టుకోవాలన్నా, సెలవు అడగాలన్నా, జీతం చీటీ చూసుకోవాలన్నా ఆన్‌లైనే. వ్యాసం నలభై ఐదు నిమిషాల్లో టైపు చేయలేని మనిషిని, చదువు పూర్తయింది పో అని నా గేటు ముందుకు పంపిస్తే ఆ మనిషికే అన్యాయం.

వదిన: ఇది ఒప్పుకుంటాను.

మరిది: ఏంటీ?

వదిన: ఒప్పుకుంటానన్నాను కదా, మళ్ళీ చెప్పించకు. మొదట్లో తిట్టుకున్నాను. మౌస్ పట్టుకుంటే బాణం గుర్తు తెర దాటి పారిపోయేది ఆవిడకు. కీబోర్డు మీద ‘ఎ’ కోసం అరనిమిషం వెతికేది. నాలుగు నెలలు నేర్పాను. ఐదో నెలలో కొడుకు స్కూలు టీచరుకు సొంతంగా ఈమెయిల్ పంపించి, అది నాకు చూపించడానికి క్లాసుకు ముందే వచ్చి మెట్ల మీద కూర్చుంది. ఆ ఒక్క మార్పు మంచిదే. కానీ దాంతోపాటు ధర కూడా వచ్చింది నాయనా. నూట ఇరవై డాలర్లు.

మరిది: నాలుగు పేపర్లు, అప్పట్లో పేపరుకు ముప్ఫై. విడివిడిగా కట్టుకోవచ్చు. కొన్ని రాష్ట్రాలు కొంత భరించాయి కూడా.

వదిన: గంటకు తొమ్మిది డాలర్లు తెచ్చుకునే మనిషికి అది రెండు రోజుల కూలీ. అన్నేళ్ళూ లాభాపేక్ష లేని విద్యాసంస్థల మండలి నడిపిన పరీక్షను 2011లో పియర్సన్ అనే ప్రచురణ సంస్థతో కలిపి కంపెనీగా మార్చారు. ఆ తర్వాతే ఇదంతా. న్యూయార్క్‌లో అభ్యర్థి దగ్గర ఫీజు పుచ్చుకోకూడదని చట్టం ఉంది. వాళ్ళు లెక్క చూసుకుని, మీ పరీక్ష మాకొద్దన్నారు.

మరిది: అదే నేను చెప్పేది! గుత్తాధిపత్యం పోయింది. పోటీగా టాస్క్ అనే పరీక్ష వచ్చింది, హైసెట్ అనేది వచ్చింది, రెండూ చవక, రెండిట్లోనూ కాగితం మీద రాసే వీలుండేది. మన న్యూజెర్సీ మూడింటినీ ఒప్పుకుంది. ఒక కొట్లో ధర ఎక్కువైతే పక్క కొట్టుకు పోవచ్చు.

వదిన: పక్క కొట్టు మూసేశాడు కదా! న్యూయార్క్ పట్టుకున్న టాస్క్ 2021 చివరికల్లా ఆగిపోయింది. 2022లో మళ్ళీ జీఈడీయే గతి. ఆ ఎనిమిదేళ్ళలో టీచర్లు ఒక పుస్తకం నేర్చుకుని, మర్చిపోయి, ఇంకోటి నేర్చుకున్నారు. ఉల్లిపాయలు కొనుక్కోవడం కాదు ఇది. రెండు ఉద్యోగాల మధ్య దొరికిన గంటలో చదివే మనిషికి, చదవాల్సింది ఏదో అయినా కుదురుగా ఉండొద్దూ?

మరిది: ఆ మాట సరే. ఆవిడ సంగతి చెప్పండి. కొత్త పరీక్ష రాసిందా?

వదిన: 2015లో మూడు పేపర్లు మొదటిసారే పాసైంది. లెక్కల్లో 147 వచ్చింది.

మరిది: పాస్ మార్కు 150.

వదిన: ఆ. మూడు తక్కువ. ఆవిడ మళ్ళీ రాయలేదు. తెర మీద ఆ అంకె చూసి, బ్యాగు తీసుకుని, రెండు బస్సులు మారి ఇంటికెళ్ళిపోయింది. తర్వాతి వారం క్లాసుకు రాలేదు. ఫోన్ చేస్తే, నాకు లెక్కలు రావు మేడమ్, దేవుడు ఆ గది కట్టడం మర్చిపోయాడంది. కొన్నాళ్ళకు రాష్ట్రం వదిలి అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. ఇక ఇప్పుడు నువ్వు చెప్పు, 2016 జనవరిలో ఏం జరిగింది?

మరిది: (కాసేపాగి) పాస్ మార్కు 145కు దించారు.

వదిన: ప్రశ్నలు మార్చారా?

మరిది: ఆ మార్పులో లేదు. కొన్నాళ్ళకు సోషల్ పేపర్లో వ్యాసం తీసేశారు, అది వేరు. గీత మాత్రం ఐదు మార్కులు కిందికి జరిపారు.

వదిన: మన బోర్డులో మోడరేషన్ కలిపినట్టు. కాకపోతే మనవాళ్ళు రిజల్ట్స్ ముందు కలుపుతారు. వీళ్ళు రెండేళ్ళ తర్వాత కలిపారు.

మరిది: మోడరేషన్ అనకండి వదినా, అది జాలి కాదు. పాసైనవాళ్ళు తర్వాత కాలేజీలో ఎలా చదువుతున్నారో చూశారు. స్కూలు నుంచి వచ్చినవాళ్ళ కన్నా వీళ్ళకు, వెనకబడ్డవాళ్ళకు పెట్టే రెమిడియల్ క్లాసుల అవసరం తక్కువపడుతోందని తేలింది. అంటే గీత ఉండాల్సిన దానికన్నా పైన ఉందన్నమాట. తెలిసింది, దించారు. చాలా రాష్ట్రాలు 2014 జనవరి నుంచి రాసినవాళ్ళకు కూడా వర్తింపజేశాయి. తప్పు ఒప్పుకుని దిద్దుకునే వ్యవస్థలు ఎన్నున్నాయి చెప్పండి? మన దగ్గర రీకౌంటింగ్‌లో ఒక్క మార్కు కలపడానికి ఎంత కథ నడుస్తుంది!

వదిన: ఒప్పుకున్నారు, బాగుంది. కానీ నువ్వు ఏ గీత చూసి పొద్దున్నుంచీ వాదిస్తున్నావు? స్థాయి పెరగాలి, కాగితానికి విలువ ఉండాలి, అని. ఆ స్థాయి ఎక్కడుండాలో పెట్టినవాళ్ళకే తెలియదు. 2012లో ఆ పరీక్ష పాసైనవాళ్ళు నాలుగు లక్షలు. 2013 తొందరలో ఐదు లక్షలు దాటారు. 2014లో వాళ్ళెక్కడ? కొందరు వేరే పరీక్షలకు పోయారు సరే. మిగతా వాళ్ళంతా ఏమయ్యారు? రెండేళ్ళపాటు 145కూ 150కీ మధ్య నిలబడ్డ ప్రతి మనిషితోనూ ‘నీకు రాదు’ అని చెప్పి, ఆ తర్వాత, అబ్బే నీకు వచ్చు అని ఒక మెయిల్ పంపారు. మెయిల్ అందుతుంది. ‘నాకు రాదు’ అని అప్పటికే నమ్మేసిన మనిషి దాన్ని తెరిచి చూస్తుందా?

మరిది: అయితే గీతే వద్దంటారా? ఎంత తక్కువ పెట్టినా దానికి మూడు మార్కుల కింద ఎవరో ఒకరు ఉంటారు. అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే మెతుకు పట్టి చూడాలిగా.

వదిన: చూడు. పొయ్యి మీద నుంచి దించేసి, గిన్నె విసిరేయకు. న్యూయార్క్‌లో పరీక్ష లేని దార్లు కూడా ఉన్నాయి. ఇరవై నాలుగు కాలేజీ క్రెడిట్లు పూర్తి చేస్తే హైస్కూలుకు సమానమైన డిప్లొమా ఇచ్చేస్తారు. ఇంకోటి, గంట కొట్టే పరీక్ష లేకుండా, ఇంటి బడ్జెట్ వేయడం, ఆరోగ్య బీమా కాగితాలు అర్థం చేసుకోవడం, ఇలాంటి పనులు ఒక్కొక్కటే చేసి చూపించి సంపాదించే డిప్లొమా. హెక్‌మన్ లేదన్నాడే, పట్టిన పని వదలకపోవడం, అది వాటిల్లో కనిపిస్తుంది.

మరిది: కనిపిస్తుంది, కాదనను. కానీ నెలలు పడుతుంది. ఒక్కొక్కరి పని కూర్చుని చూసే మనుషులు కావాలి. నా దగ్గరికి సోమవారం నలభై దరఖాస్తులు వస్తాయి. ఏ కాగితం వెనక ఏ మనిషి ఎంత చూశాడో నాకెలా తెలుస్తుంది? పరీక్షకు ఉన్న గుణం అదొక్కటే, ఎవరి మొహం చూడదు. 2020లో కరోనా వచ్చి సెంటర్లు మూతపడితే ఇంట్లోంచి రాయనిచ్చారు, అది మేలు చేయలేదా? ఆ రెండు బస్సుల బాధ తప్పింది కదా.

వదిన: ఇంట్లోంచి రాయాలంటే వెబ్‌క్యామ్ కావాలి, తలుపేసుకోవడానికి విడిగా ఒక గది కావాలి, మధ్యలో ఎవరూ రాకూడదు. ఆవిడ ఇక్కడున్నప్పుడు ఇంట్లో ఐదుగురు, రెండు గదులు. బాత్రూమ్‌లో కూర్చుని రాయమంటావా?

మరిది: లైబ్రరీలో గది ఇవ్వొచ్చు.

వదిన: ఇచ్చాం, ఇద్దరికి.

మరిది: చూశారా!

వదిన: ఇద్దరికేనయ్యా.

(అట్లు అయిపోయాయి. వీళ్ళు అవ్వలేదు. మా తమ్ముడు పుస్తకం తెరిచి, ఆ అంచుల్లోని కొట్టివేతల్ని వేలితో వెంబడిస్తున్నాడు.)

మరిది: మూడింట రెండు, ఐదింట ఒకటి. కూడమంటే పైన రెండూ ఒకటీ కలిపేసి, కింద మూడూ ఐదూ కలిపేసింది. ఎనిమిదింట మూడు అని వేసింది.

వదిన: పేజీ తిప్పు.

మరిది: ఇక్కడ కూడా అంతే.

వదిన: ఇంకా తిప్పు. ఆకుపచ్చ ఇంకు దాకా.

మరిది: ఆ... ఇక్కడ కింద పదిహేను వేసింది. పైన పదీ మూడూ. పదిహేనింట పదమూడు. పక్కన ఏంటిది, నవ్వు మొహమా?

వదిన: దాన్ని ఎక్కడ పారేస్తావో చెప్పు.

మరిది: సైన్సు, సోషల్ పాతవే కదా. అవి చింపేస్తే బరువు సగం తగ్గుతుంది. భిన్నాల దగ్గర్నుంచి ఉంచుకోండి. కత్తెర ఎక్కడుంది వదినా?