ఏకగ్రీవ స్వయంప్రతిపత్తి

విశ్వవిద్యాలయాలకు స్వయంప్రతిపత్తి లేదని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకు లేదు? అడిగితే పైనుంచి ఇస్తూనే ఉన్నారు కదా. చాలకపోతే ఇంకో దరఖాస్తు పెట్టుకోవాలి.

మా విజయనగరం సిరిమానోత్సవం చూసినవాళ్ళకు ఈ ఏర్పాటు విడమర్చి చెప్పక్కర్లేదు. సిరిమాను అనే పొడవాటి మాను చివర పూజారి అంత ఎత్తున కూర్చుంటాడు. ఊరంతా దండం పెడుతుంది. లాగేవాళ్ళు కింద ఉంటారు. వీసీ, అంటే వైస్ ఛాన్సలర్, కుర్చీ కూడా అలాంటిదే. కాకపోతే ఇక్కడ తాళ్ళు పట్టుకునేవాళ్ళు అమరావతిలో ఉంటారు.

1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం వీసీని వెతికే కమిటీలో ముగ్గురు: పాలక మండలి మనిషి ఒకరు, యూజీసీ మనిషి ఒకరు, ప్రభుత్వం మనిషి ఒకరు. ఆ ముగ్గురికీ ఒకేసారి తీరిక దొరికేదాకా ఇన్‌ఛార్జ్ వీసీ గారు ఉంటారు. ఈ ఇన్‌ఛార్జ్ పద్ధతిని తిట్టిపోసే సంస్కర్తలతో నేను ఏకీభవించను. పూర్తికాలం వీసీ వస్తే ఏదో ఒకటి చేసిపెడతాడు. ఇన్‌ఛార్జ్ గారైతే ఏ ఫైలు చూసినా "రెగ్యులర్ వీసీ రానీండి" అంటారు. పొరపాటు జరిగే ఆస్కారమే లేదు.

2020 జాతీయ విద్యా విధానమైతే ఇంకా ముందుకెళ్ళి, అనుబంధ కాలేజీల పద్ధతే 15 ఏళ్ళలో దశలవారీగా పోవాలంది. ప్రతి కాలేజీకీ సొంత పాలక మండలి రావాలట. అలాంటి మండలి సమావేశం ఒకటి చూసే భాగ్యం నాకు కలిగింది. కాలేజీ పేరు అడక్కండి. పదకొండింటికి మీటింగ్ అంటే పదిన్నరకే వెళ్ళాను. అప్పటికే మినిట్స్ టైపు చేసి, జిరాక్సులు తీసి, పిన్ను కొట్టి ఉన్నాయి. ప్రతి అంశం కిందా "సుదీర్ఘంగా చర్చించిన మీదట ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని ఉంది. ఎనిమిదో అంశం కింద మాత్రం ఖాళీ. అంత వివాదం దేనిమీదా అని చూశాను. నీళ్ళ మోటారు రిపేరు. కొటేషన్ ఇంకా రాలేదట.

మీటింగ్ మొదలయ్యాక ఒక సభ్యుడు గొంతు సవరించుకుని, "సార్, గెస్ట్ ఫ్యాకల్టీకి నాలుగు నెలలుగా జీతాలు..." అన్నాడు. టీలో బల్లి పడ్డట్టు అందరూ అటు చూశారు. అటెండరు ట్రేతో పాటు రిజిస్టరు కూడా ఆయన ముందు పెట్టి, "సంతకం ఎట్టీండి బాబూ, టీ సల్లారిపోతాది" అన్నాడు. పెట్టేశారు. టీ వేడిగానే ఉంది, నేనే సాక్షిని.

ఇదే విజయనగరంలో ఉండి, భాష సంగతి తేల్చే కమిటీ అంతా ఒక దారిన పోతుంటే, 1914లో వ్యావహారిక భాష కోసం మద్రాసు విశ్వవిద్యాలయానికి పేజీలకు పేజీలు అసమ్మతి పత్రం రాసి పంపాడు గురజాడ. ఆయన పేరు ఇక్కడి జేఎన్‌టీయూకి పెట్టుకున్నాం, మంచిదే, పేరుతో ప్రమాదం లేదు. ఆ పత్రం మాత్రం పాలక మండలి సభ్యుల కంట పడకుండా చూసుకోవాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి వీసీ కట్టమంచి రామలింగారెడ్డి ఇంకా చెడ్డ ఉదాహరణ. సర్కారు అణచివేతకు నిరసనగా 1930లో ఏకంగా పదవే వదిలేశాడు. ఇప్పుడా భయం లేదు. ఇన్‌ఛార్జ్ గారు రాజీనామా రాసినా, రెగ్యులర్ వీసీ వచ్చాకే కదా దాని సంగతి చూసేది.

ఇక నా వంతు సంస్కరణ. మినిట్స్ చివర "అసమ్మతి" అని ఒక గడి పెట్టి, అందులో "లేదు" అని ముందే అచ్చు వేయించాలి. ప్రింటింగుకి కొటేషన్లు పిలవాల్సి ఉంటుంది. అయితే ముందు మోటారుది రానివ్వండి.