డేటా సెంటర్ సరే, డిస్కు లోపలి పొర మాటేమిటి?

గూగుల్ విశాఖకు వస్తోందని 2025 అక్టోబరులో ప్రకటన వెలువడినప్పటి నుంచి ఇక్కడ చర్చంతా భూమి, నీళ్లు, కరెంటు చుట్టూ తిరుగుతోంది. ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి అంటున్నారు కాబట్టి అవన్నీ అడగాల్సిన ప్రశ్నలే. ఉద్యోగాల లెక్క మీద వాదన వేరే నడుస్తోంది. ఒక్కటి మాత్రం ఎవరూ అడగడం లేదు. ఇలాంటి భవనాల్లో వరసలు వరసలుగా పెట్టే హార్డ్‌డిస్కుల్లో డేటాను చదివే భాగం ఎలా పనిచేస్తుంది? ఆ పనితనం మన ఊరి పిల్లలకు నేర్పే చోటు ఉందా?

క్లౌడ్ అని మనం పిలిచే దానిలో చాలా భాగం ఇప్పటికీ తిరిగే డిస్కుల మీదే ఉంది. డిస్కు మీద చిన్న చిన్న అయస్కాంత గుర్తులుంటాయి. వాటిని చదివే హెడ్‌లో కొన్ని నానోమీటర్ల మందం ఉన్న లోహపు పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఎలక్ట్రాన్‌కు ఆవేశంతో పాటు స్పిన్ కూడా ఉంటుంది, అంటే దాన్ని బుల్లి అయస్కాంతంలా చేసే గుణం, దిశను బట్టి రెండు రకాలు. రాగిలో రెండు రకాల స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్లు సమానంగా ఉండటంతో మామూలు తీగలో ఈ గుణం ఊసే రాదు. ఇనుము, కోబాల్ట్‌లలో ఆ సమానత్వం ఉండదు. అయితే ఎక్కువ తేడా కనిపించేది ఇనుము లోపల కాదు, ఇనుము పొర అయిపోయి మరో పొర మొదలయ్యే సరిహద్దులో.

ఆ సరిహద్దును టోల్‌గేటు అనుకోండి. ఫాస్టాగ్ ఉన్న బండి ఆగకుండా పోతుంది, లేనిది ఆగుతుంది. ఏ రకం స్పిన్‌కు ట్యాగ్ ఇవ్వాలో తేల్చేది ఆ పొర అయస్కాంత దిశ. వరసగా ఉన్న రెండు గేట్లూ ఒకే దిశలో ఉంటే ఒక రకం బళ్లయినా రెండిటినీ దాటిపోతాయి. రెండో గేటు దిశ తిరగబడిందంటే ప్రతి బండీ ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటుంది, అంటే విద్యుత్ నిరోధం పెరుగుతుంది. డిస్కు మీది గుర్తు ఒక పొర దిశను తిప్పినప్పుడు నిరోధంలో వచ్చే ఈ తేడానే మన కంప్యూటర్ 0 అని, 1 అని చదువుకుంటుంది.

ఈ ప్రభావాన్ని 1988లో ఫ్రాన్స్‌లో ఆల్బర్ట్ ఫెర్ట్ బృందం, జర్మనీలో పీటర్ గ్రూన్‌బర్గ్ బృందం విడివిడిగా కనుక్కున్నాయి. ఫెర్ట్ బృందం 3 నానోమీటర్ల ఇనుము, 0.9 నానోమీటర్ల క్రోమియం జతను 60 సార్లు పేర్చి, మైనస్ 269 డిగ్రీల చలిలో కొలిచింది. బలమైన అయస్కాంత క్షేత్రం పెట్టేసరికి నిరోధం దాదాపు సగానికి పడిపోయింది. గ్రూన్‌బర్గ్ దగ్గర ఉన్నవి మూడే పొరలు, గది ఉష్ణోగ్రతలో వచ్చిన మార్పు ఒకటిన్నర శాతమే. ఆయన మాత్రం పేటెంట్‌కు దరఖాస్తు పెట్టడం మరిచిపోలేదు. 2007లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి.

విశాఖకు పనికొచ్చే సంగతి ఆ తర్వాతే ఉంది. ఆ రెండు బృందాలూ పొరలను ఎంతో ఖరీదైన, నిదానంగా నడిచే పద్ధతిలో పెంచాయి. ఐబీఎంలో స్టువర్ట్ పార్కిన్ స్పటరింగ్‌ను ఎంచుకున్నారు. వాక్యూమ్‌లో వాయు అయాన్లతో లోహపు పలకను కొట్టి, రాలిన అణువులను పక్కనున్న పలక మీద పొరగా పేర్చే పద్ధతి అది. పరిశ్రమల్లో పూతలకు ఎప్పటి నుంచో వాడుతున్నదే. అంత నాజూకైన పొరలు దీనితో రావని చాలామంది అనుకున్న రోజుల్లో పార్కిన్ దానితోనే వేల నమూనాలు చేశారు. మధ్య పొర మందాన్ని కొంచెం కొంచెంగా మారుస్తూ పోతే అటూఇటూ ఉన్న అయస్కాంత పొరలు ఒకసారి ఒకే దిశకు, ఇంకొంచెం మందం పెంచితే ఎదురు దిశకు తిరుగుతున్నాయని తేల్చారు. 1997లో ఈ ప్రభావంతో పనిచేసే రీడ్ హెడ్ పెట్టిన డిస్కును ఐబీఎం మార్కెట్లోకి తెచ్చింది. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. మామూలు యంత్రం దగ్గర ఓపికగా కూర్చున్న మనిషి గెలిచాడు.

తర్వాతి మలుపులో లోహానికి బదులు మధ్యలో విద్యుత్తును ఆపే పలుచని పొర వచ్చింది. ఎలక్ట్రాన్లు దాన్ని క్వాంటమ్ టన్నెలింగ్ ద్వారా, అంటే గోడ ఎక్కకుండానే అవతల తేలినట్టు, దాటాలి. గది ఉష్ణోగ్రతలో ఇది పనికొచ్చే స్థాయిలో పనిచేస్తుందని 1995లో అల్యూమినియం ఆక్సైడ్ పొరతో చూపించిన వాళ్లలో ఐఐటీ మద్రాస్‌లో డాక్టరేట్ చేసి అమెరికాలోని ఎంఐటీకి వెళ్లిన జగదీశ్ మూడెర ఒకరు. అప్పుడు నిరోధంలో వచ్చిన మార్పు పన్నెండు శాతానికి దగ్గర. అదే పొరను మెగ్నీషియం ఆక్సైడ్ స్ఫటికంతో చేస్తే వెయ్యి శాతం దాటవచ్చని 2001లో సిద్ధాంతకర్తలు లెక్కగట్టారు. 2004లో జపాన్, అమెరికా ప్రయోగశాలల్లో 200 శాతం చుట్టుపక్కలకు చేరింది కూడా.

ఎందుకంత తేడా? స్ఫటికం అన్ని ఎలక్ట్రాన్లనూ ఒకేలా చూడదు. ఒక రకమైన సౌష్ఠవం (సిమెట్రీ) ఉన్న ఎలక్ట్రాన్ తరంగాలనే సులువుగా పోనిస్తుంది, ఇనుములో ఆ సౌష్ఠవం ఒక స్పిన్ ఎలక్ట్రాన్లకే దక్కింది. ఈ లెక్కకు పునాది సౌష్ఠవాన్ని లెక్కగట్టే గణితమైన గ్రూప్ థియరీ. ఆ గణితాన్ని భౌతికశాస్త్ర సమస్యలకు ఎలా వాడాలో చెప్పే పుస్తకాన్ని 1948లోనే సూరి భగవంతం, టి. వెంకటరాయుడు రాశారు, వాల్తేరు నుంచే ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురించింది. లెక్క మన దగ్గర ఎప్పుడో ఉంది. పొర వేసే చెయ్యే లేదు.

ఆ చేతిపని ఎంత సున్నితమో ఒక ఉదాహరణ చాలు. మెగ్నీషియం ఆక్సైడ్ వేసేటప్పుడు కింది ఇనుము ఒక్క అణువరస మేర తుప్పు పట్టినా ఫలితం దెబ్బతింటుంది. అందుకే పరిశ్రమ కోబాల్ట్, ఇనుము, బోరాన్ మిశ్రమాన్ని స్ఫటికం కాని స్థితిలో వేసి, తర్వాత మూడొందల డిగ్రీలు దాటించి కాలుస్తుంది. బోరాన్ పక్కకు తప్పుకుంటుంది, మిగిలిన లోహం ఆక్సైడ్‌ను ఆనుకున్న వైపు నుంచి స్ఫటికంగా మారుతుంది. ఆ మిశ్రమాన్ని 1.3 నానోమీటర్లకు పలుచన చేస్తే, సరిహద్దులో ఇనుముకూ ఆక్సిజన్‌కూ ఉన్న బంధం వల్ల అయస్కాంత దిశ పొరకు నిలువుగా లేస్తుందని 2010లో చూపించారు. కరెంటు పోయినా డేటా నిలిచే ఎంరామ్ చిప్పులను బాగా చిన్నవిగా చేయగలగడానికి ఇదే దారి వేసింది.

ఇప్పుడు కొత్త మోజు ద్విమితీయ అయస్కాంతాలు, అంటే ఒకటి రెండు పొరల మందమే ఉండేవి. క్రోమియం అయొడైడ్ ఒక్క పొర మందంలోనూ అయస్కాంతంగా ఉంటుందని 2017లో తేలింది. సరిహద్దులు వాటంతటవే నునుపుగా ఉండటం వాటి గొప్ప. కానీ ఆ ఒక్క పొర పనిచేసేది మైనస్ 228 డిగ్రీల కన్నా కింద. పైగా తేమ తగిలితే చెడిపోతుంది, మన సముద్రపు గాలిలో దాని బతుకు నిమిషాల లెక్కే. ఇప్పుడిప్పుడే మొదలుపెట్టే ఊరు దీని వెంట పడటం నా దృష్టిలో తప్పు. ముందు స్పటరింగ్ నేర్చుకోవాలి.

బెంగళూరులో ఐఐఎస్సీ ఉంది, ముంబయిలో ఐఐటీ ఉంది, బయటి పరిశోధకులను రానిచ్చే కేంద్ర పథకమూ ఉంది, మళ్లీ ఇక్కడెందుకు అంటారు. నిజమే, నాలుగు నమూనాలకు అది చాలు. వేల నమూనాలు చేసి మందం మార్చి చూడటం రైలెక్కి వెళ్లి చేసే పని కాదు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, గీతం, నేవీ కోసం పనిచేసే ఎన్‌ఎస్‌టీఎల్, కాస్త అవతల అచ్యుతాపురం వైపు అణు పరిశోధన సంస్థ బార్క్ ఉన్నాయి. అందరూ వాడుకునే ఒక్క ల్యాబ్ చాలు. 1926లో పుట్టిన విశ్వవిద్యాలయం నూరేళ్ల పండక్కి గేటు, ఆడిటోరియం కడితే ఫొటోల్లో బాగుంటాయి. ఉక్కు కోసం రోడ్డెక్కినట్టు ఎవరూ పలుచని పొరల కోసం రాస్తారోకో చెయ్యరు కదా!

డబ్బు సమస్య అనను. డేటా సెంటర్ పెట్టుబడి పక్కన ఇలాంటి ల్యాబ్ ఖర్చు లెక్కలోకే రాదు. భూమి, రాయితీలు ఇస్తున్న ప్రభుత్వం ఆ ఒప్పందాల మాటల్లోనే దీన్నీ అడగవచ్చు. అయితే యంత్రం కొని రిబ్బన్ కత్తిరించడం తేలిక. మన విశ్వవిద్యాలయాల్లో పంపు పాడైతే బాగుచేయించే ఏఎంసీకి (వార్షిక నిర్వహణ ఒప్పందానికి) పద్దు ఉండదు, నడిపే టెక్నీషియన్ కాంట్రాక్టు మీద ఏడాదికో మనిషి. వాక్యూమ్ ఛాంబర్‌కు అలవాటు పడటానికే కొత్త మనిషికి చాలా నెలలు పడుతుంది. కాబట్టి అడిగేటప్పుడు యంత్రం కన్నా ముందు రెండు పర్మనెంట్ టెక్నీషియన్ పోస్టులు, పదేళ్ల మెయింటెనెన్స్ డబ్బు రాతపూర్వకంగా అడగాలి. ఆ తర్వాతే స్పటరింగ్ మెషీన్ టెండరు.