ఓటీపీ కోసం అల్లుణ్ణి అడగొచ్చునా?

అల్లుణ్ణి ఏది అడగొచ్చు, ఏది అడక్కూడదు అనే విషయంలో మన పెద్దలు చాలా స్పష్టంగా ఉన్నారు. డబ్బు అడక్కూడదు. జీతమెంతో అడక్కూడదు. పండక్కి ఎప్పుడొస్తావని అడగొచ్చు, అదీ ఎన్నాళ్ళుంటావని ధ్వనించకుండా. అన్నీ ఆలోచించిన ఆ పెద్దలకు ఒక్క ఓటీపీ సంగతి తట్టలేదు. దానివల్ల విజయనగరంలో మామగార్ల పరిస్థితి ఎంత దిగజారిందో సంబంధిత అధికారుల దృష్టికి తేవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

డిష్షు ఉన్న రోజుల్లో ఇంటి పెత్తనం ఎవరిదో తెలుసుకోవడానికి పరిశోధన అక్కర్లేదు. రిమోట్ ఎవరి తలగడ కింద ఉంటే వాళ్ళది. ఇప్పుడు రిమోట్ రోజంతా టీపాయ్ మీదే పడి ఉంటోంది, ఎవరూ దాచడం లేదు. పెత్తనం హైదరాబాదుకు బదిలీ అయిపోయింది మరి. డిష్షు పోయి, ఇంటర్నెట్ మీద బొమ్మ చూపించే ఓటీటీ వచ్చింది. దాని చందా కట్టింది అల్లుడు, ఖాతా ఉన్నది అల్లుడి నంబరు మీద. టీవీ ఏదో ఒక రాత్రి తనంతట తానే లాగౌట్ అయిపోతుంది. ఓటీపీ అతని ఫోనుకు వెళ్తుంది. దాని ఆయుష్షు పది నిమిషాలు.

చిక్కంతా ఇక్కడే. అల్లుడికి ఫోన్ చేసి "ఆ నంబరు చెప్పు నాయనా" అని మొదలెట్టడం మర్యాద కాదు. భోజనమైందా అనాలి. ఇంకా మీటింగులోనే ఉన్నానంటాడు, అయ్యో అనాలి. హైదరాబాదులో వానలెలా ఉన్నాయో, వియ్యంకుడుగారి మోకాలి నొప్పి తగ్గిందో లేదో కనుక్కోవాలి. మనవడికి ఫోనిస్తే వాడు బడిలో నేర్చుకున్న పద్యం ఆసాంతం వినాలి. ఇంత గౌరవంగా నడిపించుకొచ్చి "అన్నట్టు బాబూ..." అనేసరికి ఓటీపీ కాలం చేసి ఉంటుంది. మళ్ళీ పంపమని నొక్కాలి. రెండోసారి కూడా భోజనమైందా అని అడగలేం కదా! ముందు నంబరు అడిగేసి తర్వాత కుశలం అడగమని మా ఆవిడ సలహా. ఆ పని నువ్వే చెయ్యొచ్చు కదా అంటే, అత్తగారు నోరు తెరిచి అడిగితే ఏం బాగుంటుంది అంటుంది.

ఇది ఒక్క మర్యాద సమస్య అయితే సర్దుకుపోయేవాళ్ళం. ఇందులో న్యాయశాస్త్రం కూడా ఉంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికీ వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చట్టం తెచ్చింది. కేంద్రానికి ఆ బుద్ధి 2005లో పుట్టింది. అంతవరకూ బాగానే ఉంది. 2023 జులైలో నెట్‌ఫ్లిక్స్ వచ్చి, ఒక ఖాతా ఒకే ఇంట్లో ఉండేవాళ్ళకే చెల్లుతుందని మన దేశంలో ప్రకటించింది. అంటే మా పొలంలో మా అమ్మాయికి వాటా ఉంది, మా అమ్మాయి ఇంటి ఖాతాలో మాకు లేదు. ఆస్తి వాటాల సంగతి చెప్పే పాత ధర్మశాస్త్ర గ్రంథం మితాక్షర మీద వ్యాఖ్యానాలు రాసిన పండితులెవరూ వైఫైని బట్టి కుటుంబాన్ని నిర్ణయించలేదు. రేషన్ కార్డు కూడా ఇంతకన్నా ఉదారంగా ఉంటుంది. ఇకమీదట నిశ్చయ తాంబూలాలు పుచ్చుకునేటప్పుడే ఖాతా ఎవరి నంబరు మీద, స్క్రీన్లు రెండా నాలుగా, అందులో ఆడపిల్లవారికి ఎన్ని, అన్నీ కాగితం మీద రాసుకోవాలని నా ప్రతిపాదన. ఆడపడుచు లాంఛనాల కింద ఒక వరుస ఖాళీ ఎలాగూ ఉంటుంది.

అసలు డిష్షు ఏం పాపం చేసిందని వదిలేశాం? విజయనగరం ఉన్నది ఇంచుమించు 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. డిష్షు ప్రసారాలకు టాటా ప్లే వాళ్ళు వాడే ఉపగ్రహాల స్థానమూ 83 డిగ్రీలే. ఇక్కణ్ణించి తిన్నగా దక్షిణానికి పోయి, భూమధ్యరేఖ దగ్గర ఆగి, దాదాపు 36 వేల కిలోమీటర్లు పైకి చూస్తే అక్కడే ఉంటాయి. ఇంత ముఖాముఖి సంబంధం ఢిల్లీ వాళ్ళకు కూడా లేదు. అలాంటి ఎదురింటి చుట్టాన్ని వదులుకుని, ఎక్కడో సర్వర్లలో ఉన్నవాణ్ణి నమ్ముకున్నాం.

వానొస్తే బొమ్మ పోయేదన్న మాట నిజమే. ఆ తరంగాలను వాన చినుకులు మింగేస్తాయట. సరిగ్గా హంతకుడెవరో తెలిసే సమయానికి మబ్బు పట్టేది. పైగా 2019 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త నిబంధనలొచ్చి, ఏ ఛానల్ కావాలో మీరే ఎంచుకోండి అన్నాయి. వంద ఛానళ్ళకు 130 రూపాయలు, 18 శాతం పన్నుతో 153 రూపాయల 40 పైసలు, పే ఛానళ్ళకు వేరే. ఆ పట్టిక ముందేసుకుని కూర్చున్న రాత్రి, ఇంటర్మీడియట్ లెక్కల పరీక్ష ఇంతకన్నా సులువనిపించింది. ఎంచుకునే బాధ పడలేక ఓటీటీకి పోతే, అక్కడ ఉన్నదే ఎంచుకోవడం. ఈ బొమ్మ కాదు, ఆ బొమ్మ కాదు అని పైకీ కిందకీ జరిపేసరికి చారన్నం దాకా వచ్చేస్తాం. మజ్జిగన్నం అయ్యాక ఏ సినిమా మొదలెడతాం?

వాన బెడద తీరిందా అంటే, అదీ లేదు. రాష్ట్రంలో ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ నెట్ తీగలు చాలామటుకు కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూసిన జిల్లా మాది. స్తంభాలు ఎలా ఒరుగుతాయో మాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ప్రకటనలు ఉండవన్నారు, అవీ వచ్చాయి. 2025 జూన్ 17 నుంచి ప్రైమ్ వీడియోలో ప్రకటనలు మొదలయ్యాయి. వద్దనుకుంటే ఏడాదికి మరో 699 రూపాయలు కట్టమన్నారు. టీవీలో ప్రకటనలు వచ్చినప్పుడు ఊరికే లేచి మంచినీళ్ళు తాగొచ్చేవాళ్ళం.

మా ఆవిడ మాత్రం విప్లవాన్ని ఆమోదించలేదు. సీరియల్ యాప్‌లో ముందే దొరుకుతుందని చెబితే, రాత్రి ఏడున్నరకు రావలసింది మధ్యాహ్నం మూడింటికి చూడటం ఏం పద్ధతి అంది. ఏడున్నరకే కూర్చుంటుంది. ఆ సమయానికి ఫోన్ చేసినవాళ్ళకు ఇప్పటికీ సమాధానం ఉండదు.

ఇక క్రికెట్. హాట్‌స్టార్, జియో సినిమా రెండూ 2025 ఫిబ్రవరి 14న ఒక్కటయ్యాయి, ముహూర్తం కూడా ప్రేమికుల రోజే చూసుకున్నారు. ఇంటర్నెట్లో లైవ్ అంటే బొమ్మను ముక్కలు ముక్కలుగా చేసి, నెట్ వేగానికి తగ్గట్టు కుదించి, సర్వర్ల మీదుగా పంపుతారు. ముక్కలు కొన్ని పోగయ్యాకే టీవీ ఆడిస్తుంది. అందుకే డిష్షు కన్నా వెనకబడుతుంది. పక్కింటి పెద్దాయన ఇంకా డిష్షే. మా ఇంట్లో బౌలర్ ప్యాంటుకు బంతి రుద్దుకుంటూ ఉండగానే ఆయన ఇంట్లో వికెట్ పడిపోతుంది, వీధంతా వినిపించేలా కేక వేస్తాడు. పిల్లల ముందు నేను కూడా అప్పుడప్పుడూ "ఈ బంతికి అవుటవుతాడు చూడండి" అని జోస్యం చెప్పి పేరు తెచ్చుకున్న మాట వాస్తవం. ఈ ఏర్పాటు ఆయనకు తెలిసిపోయింది. ఇప్పుడు ఆఖరి ఓవర్లో కేక వెయ్యడం మానేసి, గోడ మీంచి తల పెట్టి అడుగుతున్నాడు.

"సెప్పీమంటావేటి బావూ?"