పీ విలువ ఒక్కటీ చూసి సరిపెట్టుకోకండి

నడుము కొలతకూ బీపీకీ ఉన్న సంబంధం గురించి ఒక వ్యాసం చదివాను. రచయిత ఆ రెండింటి మధ్య కోరిలేషన్ (రెండు కొలతలు ఎంతగా కలిసి మారతాయో చెప్పే సంఖ్య) చూశారు, పీ విలువ (అసలు సంబంధమే లేకపోయినా యాదృచ్ఛికంగా కనీసం ఇంత కోరిలేషన్ వచ్చే అవకాశం) 0.05 కంటే తక్కువ వచ్చింది, కాబట్టి నడుము కొలిస్తే బీపీ చెప్పేయొచ్చని రాశారు. ఆ 'కాబట్టి' దగ్గరే నా అభ్యంతరం. వెయ్యి మంది కొలతలు తీసుకుంటే కోరిలేషన్ 0.1 వచ్చినా పీ విలువ 0.01 కంటే కిందికి పోతుంది. కానీ తేడాల్లో ఎంత వాటా ముడిపడి ఉందో చెప్పేది కోరిలేషన్ వర్గం, ఇక్కడ 0.1 × 0.1, అది 0.01 మాత్రమే. అంటే మనుషుల బీపీల్లో ఉన్న తేడాల్లో నూటికి ఒక వంతే నడుము కొలతతో ముడిపడి ఉంది. సంబంధం ఉండటం వేరు, ఒక మనిషి బీపీని అంచనా వేయగలగడం వేరు.

పోనీ కోరిలేషన్ 0.4 అనుకుందాం, అది చిన్నదేం కాదు. బీపీ ప్రామాణిక విచలనం (సగటు చుట్టూ విలువలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 15 అయితే, నడుము కొలత తెలిశాక కూడా దాదాపు 13.7 మిగులుతుంది. అంచనా దానికి సుమారు రెట్టింపు, అంటే అటూ ఇటూ 27 పాయింట్ల దాకా తప్పొచ్చు. లెక్కలో 120 అని తేలినవాళ్లకి అసలు బీపీ 145 ఉండొచ్చు! ఈ లెక్క నమ్మి ఎవరైనా బీపీ చూపించుకోవడం మానేస్తారేమోనని నా భయం.

ముందు గ్రాఫ్ మీద చుక్కలు పెట్టి చూడాలి. 1973లో గణాంక శాస్త్రవేత్త అన్‌స్కోంబ్ నాలుగు డేటా సెట్లు చూపించారు. అన్నింటికీ కోరిలేషన్ సుమారు 0.816, గ్రాఫులు మాత్రం వేటికవే. ఒకదాంట్లో వంపు ఉంది, ఇంకోదాంట్లో ఒకే ఒక్క చుక్క, చుక్కలకు సరిపడేలా గీసిన గీతనంతా తనవైపు లాగేసింది.

వయసు సంగతీ ఉంది. వయసుతో నడుమూ బీపీ రెండూ పెరుగుతుంటాయి. వయసును కూడా కలిపి రిగ్రెషన్ (ఒక్కో కారణం ప్రభావాన్ని విడదీసి చూసే లెక్క) చేస్తే నడుము కొలత ప్రభావం ఎంత మిగులుతుందో రచయిత దయచేసి చెప్పాలి.