స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు, ఇంకెన్నిసార్లు చెప్పాలి!

పొద్దున్నే బావమరిది ఫోన్. ఇంట్లో పెట్టుకున్న సర్వర్‌లో ఫొటోల వీఎం (సర్వర్ లోపల వేరే కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్) ఆగిపోయిందట. వీఎంలని నడిపే ప్రాక్స్‌మాక్స్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఆ వీఎం పక్కన పసుపు త్రికోణం, ఐఓ ఎర్రర్, అంటే డిస్క్‌లో రాయడం కుదరట్లేదని. "లోపల సగం ఖాళీగానే ఉంది కదా బావా, నిండిపోయిందంటుందేంటి?" అని ఒకటే టెన్షన్.

వాణ్ని అనడానికేం లేదు. ఓ వీడియో చూసి అందులో చెప్పినట్టే చేశాడు. నాకు మండేది ఆ వీడియో పెట్టినవాళ్ల మీద. గంటసేపు ఊదరగొట్టి, స్టోరేజ్ పేజీ రాగానే "ఇవన్నీ డిఫాల్ట్‌గా వదిలేసి నెక్స్ట్ కొట్టండి ఫ్రెండ్స్" అంటారు. అసలు కథంతా ఆ పేజీలోనే ఉంది!

ఆ డిఫాల్ట్‌లో వచ్చే ఎల్‌వీఎం-థిన్ అనే స్టోరేజ్ ఎలా పనిచేస్తుందో రెండు ముక్కలు చెప్తే ఏం పోయింది? 500 జీబీ పూల్ (వీఎంలన్నీ పంచుకునే డిస్క్ చోటు) మీద 300 జీబీ వర్చువల్ డిస్కులు మూడు అడిగినా ఇచ్చేస్తుంది. ఎకరం పొలానికి మూడెకరాల అగ్రిమెంట్లు రాసినట్టన్నమాట. డేటా రాసేకొద్దీ పూల్ నిండుతుంది. వీఎం లోపల ఫైళ్లు తీసేసినా ఆ చోటు దానంతటది పూల్‌కి తిరిగి రాదు. ప్రాక్స్‌మాక్స్ డిస్క్ సెట్టింగుల్లో, ఖాళీ అయిన చోటుని పూల్‌కి వదలనిచ్చే డిస్కార్డ్ అనే టిక్ ఉంటుంది, మనం పెడితేనే పడుతుంది. పెట్టాక వీఎంని పూర్తిగా ఆపి మళ్లీ స్టార్ట్ చేయాలి, లోపల, ఖాళీ చోటేదో చెప్పే ఎఫ్ఎస్‌ట్రిమ్ కమాండ్ నడవాలి. అప్పుడు హోస్ట్‌లో, అంటే అసలు సర్వర్‌లో, ఎల్‌వీఎస్ కమాండ్ కొడితే డేటా శాతం తగ్గి కనిపిస్తుంది.

వాడికి అదీ తగ్గలేదు. ఎందుకో తెలుసా? "రోజూ స్నాప్‌షాట్ తీసుకోండి, డేటా సేఫ్" అని కూడా ఆ మహానుభావుడే చెప్పాడు. స్నాప్‌షాట్ అంటే ఆ క్షణంలో డిస్క్ ఎలా ఉందో అలా పట్టి ఉంచడం. అది ఉన్నంతకాలం పాత బ్లాకులు (డేటా ముక్కలు) పూల్‌లోంచి కదలవు. పైగా ఆ స్నాప్‌షాట్లు ఉండేదీ అదే డిస్క్‌లో! పాతవి తీసేశాకే వీఎం లేచింది. మా మామయ్యగారి షష్టిపూర్తి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. ఆ డిస్కే పోయుంటే ఎవరు తెచ్చిస్తారు? వేరే డిస్క్‌లోకి, వీలైతే వేరే ఇంట్లోకి వెళ్లినదే బ్యాకప్. ఒకే డేటాని రెండు డిస్కుల్లో ఉంచే రెయిడ్ కూడా బ్యాకప్ కాదు. ఒక డిస్క్‌లో పొరపాటున తీసేసిన ఫైలు రెండో డిస్క్‌లోనూ ఆ క్షణమే పోతుంది.

డిస్కులంటే గుర్తొచ్చింది. 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల గొడవ గుర్తుందా? నాస్ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచే పెట్టె) కోసమని అమ్మే 2 నుంచి 6 టీబీ మోడళ్లలో మాటమాత్రం చెప్పకుండా ఎస్ఎంఆర్ (ట్రాకులు ఒకదాని మీదికొకటి వచ్చేలా రాసే, తిరగరాయడానికి నెమ్మదించే పద్ధతి) పెట్టారు. ఒక డిస్క్ మార్చి జెడ్‌ఎఫ్‌ఎస్‌ని (డిస్కుల్ని కలిపి నడిపే ఫైల్ సిస్టమ్) రీసిల్వర్‌కి, అంటే కొత్త డిస్క్‌లోకి డేటా మళ్లీ నింపడానికి, పెడితే అది రోజుల తరబడి సాగడం, మధ్యలో డిస్క్ ఎర్రర్లిచ్చి బయటికి పోవడం. అంత రచ్చయ్యాక సీఎంఆర్ (ట్రాకులు విడివిడిగా రాసే మామూలు పద్ధతి) వాటిని రెడ్ ప్లస్ అని విడదీశారు. కానీ ఇప్పటికీ షాపుకెళ్లి "ఇది సీఎంఆరేనా అన్నా?" అని అడిగితే "అన్నీ ఒకటే సార్, ఎన్ని టీబీ కావాలి?" అంటారు. వేలకు వేలు పోసి కొనేవాడు మోడల్ నంబర్ పట్టుకుని స్పెక్ షీట్ వెతుక్కోవాలి. అన్‌బాక్సింగ్ పేరుతో అట్టపెట్టెని అన్ని వైపులా తిప్పి చూపించే మన వీడియోవాళ్లు కూడా ఆ ఒక్క ముక్క చెప్పరు. చెప్పండయ్యా, జనం మిమ్మల్ని నమ్మి కొంటున్నారు.