రాడ్డుతో కొడితే తెలిసిపోతుందండీ

లారీ టైరులో గాలి ఎంతుందో చూడడానికి గేజీ వాడితే పరువు పోతుందనుకునే మహానుభావులు మన హైవేల మీద చాలామందే ఉన్నారు. వాళ్ల దగ్గర ఇనప రాడ్డు ఉంటుంది. దాంతో టైరుని ఒక్కటేసి, తల కాస్త పక్కకి వంచి, మోత విని "నూట ఇరవై ఉందిలే, పోనియ్" అంటారు. తంబూరా శ్రుతి చూసుకునే విద్వాంసుడికి కూడా అంత నమ్మకం ఉండదు. టైరు పూర్తిగా దిగిపోతే రాడ్డు చెబుతుంది, కాదనను. కానీ 120 పౌండ్ల ఒత్తిడికీ 95కీ తేడా పట్టే చెవి మాత్రం ఇంకా పుట్టలేదు.

ఇది ఏడాది పొడుగునా ఉండే శాస్త్రం. ఏప్రిల్ వస్తే ఇంకోటి తోడవుతుంది: "ఎండలు ముదిరాయి, గాలి తగ్గించకపోతే టైరు పేలుద్ది."

మే నెల మిట్టమధ్యాహ్నం, సూర్యాపేట దగ్గర ఏదో ఒక దాబా ముందు నిలబడండి, సభ మీకే కనబడుతుంది. హుజూర్‌నగర్ వైపు నుంచి సిమెంటు ఎత్తుకొచ్చిన పన్నెండు టైర్ల బండి ఆగుతుంది. డ్రైవరు దిగి టైరు మీద చెయ్యి పెట్టి, "అబ్బా" అని వెనక్కి తీసుకుంటాడు. క్లీనరు వెంటనే పిన్ను నొక్కి గాలి వదలడం మొదలెడతాడు. ఫోన్ స్పీకర్లో ఓనరుగారు: "నూట పదిహేను ఉంచరా, చాలు." పంక్చర్ షాపు పెద్దాయన: "మన ఎండలకి నూట ఐదు." పక్కనే ఉల్లిపాయల లోడు దింపుకొస్తున్న ఇంకో డ్రైవరన్న: "మేమైతే నూట నలభై కొట్టిస్తాం, డీజిల్ కలిసొస్తది." టీ తాగుతున్న బైకాయన కూడా ఊరుకోడు, "నైట్రోజన్ పెట్టించండన్నా" అంటాడు. జంట టైర్లలో లోపలిదాని సంగతేంటని క్లీనరు అడిగితే, "దాని పిన్ను ఎవడికి అందుద్దిరా, అది బాగానే ఉంటదిలే" అని తీర్మానం. సభ ముగిసింది. బండిలో లోడెంత, టైరు పక్కన అచ్చేసిన అంకెలేంటి అన్న ప్రశ్న ఎజెండాలోనే లేదు.

ఆ అంకెలు కంపెనీవాడు అందం కోసం వెయ్యలేదు. మన లారీలకి మామూలుగా కనిపించే 10.00 ఆర్ 20 సైజు, 16 ప్లై (టైరు గట్టిదనం చెప్పే అంకె) టైరు మీద 146/143 అని ఉందనుకోండి. ఒంటరిగా ఉంటే 3,000 కిలోలు, జంటలో ఉంటే 2,725 కిలోలు మోస్తుందని అర్థం. అదీ కంపెనీ చెప్పిన గాలి ఉన్నప్పుడే. గాలి తగ్గిస్తే మోసే శక్తీ తగ్గుతుంది. 2018లో ప్రభుత్వం నాలుగు టైర్ల యాక్సిల్ (ఇరుసు) మీద బరువు పరిమితిని 10.2 నుంచి 11.5 టన్నులకి పెంచింది. నాలుగుతో భాగించండి, ఒక్కో టైరు మీద 2,875. అంటే అంతమేరా నింపితే, చట్టానికి లోబడ్డ పెద్దమనిషి కూడా ఈ టైరు మోసే 2,725ని దాటేసినట్టే. ఓవర్‌లోడు వేసేవాళ్ల లెక్క వాళ్ల దేవుడికే తెలియాలి.

ఇక ఎండ సంగతి. బండి పరిగెత్తితే టైరు వేడెక్కి గాలి ఒత్తిడి పెరగడం మామూలే. దాన్ని లెక్కలో పెట్టుకునే కంపెనీవాడు చల్లటి టైరుకి అంకె ఇచ్చాడు. అందుకే పొద్దున బండి కదలకముందే కొలవాలి. కాలుతున్న టైరులోంచి గాలి వదిలితే దాని గోడలు ఇంకా ఎక్కువ వంగుతాయి, ఇంకా ఎక్కువ కాలుతుంది. పేలకుండా చేసిన వైద్యమే పేలుస్తుంది. ఊడిపోయిన రబ్బరు పట్టాలు వేసవిలో డివైడర్ పక్కన ఎన్ని పడుంటాయో చూడండి. తప్పంతా సూర్యుడిదే పాపం.

ఇంతవరకూ నవ్వొచ్చు. కానీ గాలి దిగి అలాగే మైళ్ల కొద్దీ నడిచిన టైరు లోపల, గోడలోని ఉక్కు తీగలు తెగిపోయి ఉంటాయి. దాన్ని పంక్చర్ షాపుకి తెస్తారు. మీసాలు కూడా సరిగ్గా రాని కుర్రాడు దాని ముందే గొంతుకూర్చుని పైపు పెడతాడు. టైరు గోడైనా చీలుతుంది, టైరుని చక్రానికి పట్టి ఉంచే లాక్ రింగు సరిగ్గా కూర్చోకపోతే అదైనా ఎగురుతుంది. తలే ఎగిరిపోతుంది. ఇలాంటి టైర్లని ఇనప బోనులో పెట్టి, దూరంగా నిలబడి గాలి కొట్టాలని అమెరికాలో 1980లోనే రూలు పెట్టారు. ఇక్కడ మన షాపుల్లో బోను ఎన్నిట్లో చూశారు? నాలుగు ఇనప కడ్డీలు వెల్డింగ్ చేయిస్తే అయ్యే పనికి డబ్బుల్లేవట! బండి మీద రంగు లైట్లకి ఉన్నాయి, గాలి హారన్‌కి ఉన్నాయి. కుర్రాడు పోతే "వాడి టైమ్ బాలేదు" అంటారు, సిగ్గులేకుండా.

ఓనరుగారూ, నూట పదిహేను చాలని ఫోన్లో చెప్పారుగా. ఈసారి మీరే వచ్చి ఆ రింగు ముందు కూర్చోండి. గాలి మేం కొడతాం.